బాయి గేటు కరపత్రం ఏ అక్షరాల్లో ఉంది?

గోదావరిఖనిలో షిఫ్టుకు పోయే కార్మికుడి చేతిలో బొగ్గుబాయి గేటు దగ్గర పడే కరపత్రాన్ని ఒకప్పుడు సీసపు అక్షరాలు పేర్చి అచ్చేసేవాళ్లు. సింగరేణి బొగ్గుగనుల్లో కార్మికుల గుర్తింపు సంఘానికి తొలిసారి ఎన్నికలు జరిగిన 1998 నాటికి ఆ పని కంప్యూటర్ల మీదికి మళ్లుతోంది. తెలుగునాట డీటీపీ అంటే అప్పుడు విండోస్, పేజ్‌మేకర్, అను ఫాంట్లు. మూడూ డబ్బు పోసి కొనాల్సినవే. చిన్న దుకాణాలు చాలావరకు దొంగ కాపీలతోనే బతికాయి.

డబ్బు సంగతి కంటే నన్ను ఎక్కువ బాధపెట్టేది అక్షరాల సంగతి. అక్షరానికొక సంఖ్య ఇచ్చే యూనికోడ్‌లో 'క'కు 3093 అనే సంఖ్య ఉంది. ఏ కంప్యూటర్లోనైనా అది 'క'నే. పాత ఫాంట్లు అలా కాదు. ఇంగ్లిషు అక్షరాల గదుల్లో తలకట్లు, కొమ్ములు, వత్తులు ముక్కలు ముక్కలుగా దాచాయి. ఫాంట్ లేకపోతే తెలుగే లేదు.

ఈ మధ్య ఒక డీటీపీ దుకాణంలో పాత సీడీలోంచి ఒక సంతాపసభ కరపత్రం తెరిచారు. తెర నిండా గుర్తులు తగిలించుకున్న ఇంగ్లిషు అక్షరాలు. బాయిలో పోయిన మనిషి పేరు అందులో ఎక్కడో ఉంది. వెతికితే దొరకదు. మన దుఃఖాన్ని మన కంప్యూటరే చదవలేకపోవడం నాకు మింగుడు పడలేదు.

పాత ఫాంట్లలో చిక్కిన అక్షరాలను ఈ చెర విడిపించే పని బొగ్గుబావులకు దూరంగా మొదలైంది. తిరుమల కృష్ణదేశికాచారి పోతన, వేమన ఫాంట్లను యూనికోడ్‌లో చేసి, ఎవరైనా వాడుకుని మార్చుకునేలా జీపీఎల్ లైసెన్సుతో ఇచ్చారు. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాను మొదలుపెట్టిన వెన్న నాగార్జునే, పాత ఫాంట్ల రాతను యూనికోడ్‌లోకి మార్చే 'పద్మ'నూ తయారుచేశారు. 2005లో హైదరాబాదులో పుట్టిన స్వేచ్ఛ సంస్థ, విండోస్ బదులు ఉచితంగా వాడుకోగల లినక్స్‌ను తెలుగు మెనూలతో అందించింది. 2010లో రాతకోతలకు ఉచిత సాఫ్ట్‌వేర్ లిబ్రేఆఫీస్ వచ్చింది. తరవాత సిలికానాంధ్ర చొరవతో వచ్చిన రామభద్ర, మండలి వంటి ఫాంట్లతో శీర్షికలకూ కొరత తీరింది.

అయినా దుకాణాలు వెంటనే మారలేదు. వాళ్లది బద్ధకమంటే నేనొప్పుకోను. పేజ్‌మేకర్ 2001 నాటి ఏడో వెర్షన్‌తో ఆగిపోయింది, యూనికోడ్ దానికి తెలియదు. దాని బదులు ఉచితంగా దొరికే స్క్రైబస్‌కు తెలుగు వత్తులు సరిగా కూర్చడం 2017లో గానీ పట్టుబడలేదు. పైగా ఏళ్ల తరబడి ఒకే కీబోర్డుకు అలవాటుపడ్డ వేళ్లు. రేపటికి కరపత్రం కావాలని సంఘం నాయకుడు కూర్చుని ఉంటే, కొత్త కీబోర్డు నేర్చుకునే తీరిక ఎవరికుంటుంది?

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ ఉచిత మద్దతు ఆగింది. కొత్త విండోస్ ఎక్కని పాత కంప్యూటర్లున్న చోట లినక్స్ మాట మళ్లీ వినబడుతోంది. నేను చెప్పిన దుకాణంలోనూ ఒక కంప్యూటర్లో లినక్స్ వేశారు. ప్రస్తుతానికి దాని మీద దరఖాస్తులు, అర్జీలే చేస్తున్నారు; రంగుల పోస్టర్లు ఇంకా విండోస్ మీదే.

సంతాప కరపత్రాన్ని మాత్రం దుకాణదారు పాత ప్రింటు ముందు పెట్టుకుని, తనకు కొత్తదైన ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డుతో యూనికోడ్‌లో మళ్లీ టైపు చేశాడు. ‘ఞ’ ఎక్కడుందని నన్ను రెండుసార్లు అడిగాడు. నాలుగు పేరాలకు గంట పట్టింది.