చదరంగపు గళ్ళలో పెద్ద సంఖ్య

మా ఉర్దూ మీడియం పిల్లలకు లెక్కలంటే జంకు. "ఇవన్నీ దొరలు కనిపెట్టినవి, మనకెందుకు సార్" అంటారు. వారి కోసమే ఈ నాలుగు మాటలు.

మన భద్రాచలం దాటిన గోదావరి రాజమహేంద్రవరం చేరుతుంది. 11వ శతాబ్దంలో అక్కడ రాజరాజనరేంద్రుని ఏలుబడి. ఆ కాలపువాడని చెప్పే పావులూరి మల్లన గణితశాస్త్రాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. చదరంగపు మొదటి గడిలో ఒక గింజ, ఆపై గడిగడికీ రెట్టింపు పెడుతూ పోతే 64 గళ్ళకూ కలిపి 18446744073709551615 గింజలు. ఈ సంఖ్య ఆయన పద్యంలో ఉంది. బాణాలంటే అయిదు, చంద్రుడంటే ఒకటి, అలా ఒకట్ల స్థానం నుంచి చదువుకోవాలి. క్రీ.శ. 1000 ప్రాంతంలో అల్ బిరూనీ అరబ్బీలో లెక్కగట్టిందీ ఇదే. భాషలు వేరు, ఇరవై అంకెలూ ఒక్కటే!

దీన్ని విడగొడితే 3, 5, 17, 257, 641, 65537, 6700417 వస్తాయి. అన్నీ ప్రధాన సంఖ్యలే, మేము ఉర్దూలో ముఫ్రద్ అదద్ అని చెప్తాం. వీటిలో 641ని 6700417తో గుణిస్తే 4294967297. ఫ్రెంచి పండితుడు ఫెర్మా 1640లో దీన్ని ప్రధాన సంఖ్యే అనుకున్నాడు. అంతటివాడి మాట 92 ఏళ్ళు నిలిచింది. 1732లో ఆయిలర్ దాన్ని పగలగొట్టాడు. కిటుకేమంటే, దీన్ని భాగించే ఏ ప్రధాన సంఖ్యనైనా 64తో భాగిస్తే 1 మిగలాలి. అలాంటివాటిలో 193, 257, 449, 577 పనికిరాలేదు. అయిదోది 641, శేషం లేకుండా పోయింది.

6700417 సంగతీ అంతే. ఇదే కిటుకుతో 2588 వరకు చూస్తే చాలు, ఏదీ భాగించదు. 2024లో దొరికిన ప్రధాన సంఖ్యకు 4 కోట్ల 10 లక్షలకు పైగా అంకెలు, దానికి కంప్యూటర్లు కావాలి. దీనికి పలకా బలపం చాలు, ఒక సాయంత్రం పని.