పిడుగుపాటును విద్యుద్బలమును

మేఘము గర్జించినతోడనే అర్జునుని పేరు తలచుకొనుట మన యిండ్లలో తరతరములుగ వచ్చుచున్న యాచారము. శ్రీకాకుళ విజయనగర మండలములలో వేసవి గాలివానలు లేచినప్పుడు, పొలమునందలి కూలివారు ఆ నామమును స్మరించుచు తాటిచెట్టు క్రిందికి పరుగెత్తుట మేమెరుగుదుము. నామస్మరణమును మేము నిందింపము. చెట్టు నాశ్రయించుటయే ప్రాణాంతకమని చెప్పుచున్నాము. 2018వ సంవత్సరము ఏప్రిలు 24వ తేదీని ఆంధ్రప్రదేశమున 13 గంటలలో 36,749 పిడుగులు నమోదైనవి. 

ఈ యాపదను గెలుచు తెలివి యొక చిన్న వెండిపాత్రనుండి పుట్టినది. అమెరికా దేశీయుడగు ఫ్రాంక్లిను 1755లో విద్యుత్తుగల వెండిపాత్రలోనికి దారమున వ్రేలాడు బెండుండను దింపెను. వెలుపల నాకర్షింపబడిన యుండ లోపల నాకర్షింపబడలేదు. కారణము తోపక యతడు మిత్రుడగు ప్రీస్ట్లీని పరీక్షింప గోరెను. ప్రీస్ట్లీ తన 1767 నాటి గ్రంథమున నిట్లు తర్కించెను: బోలుగోళము లోపల గురుత్వాకర్షణము శూన్యమగునని న్యూటను నిరూపించెను, ఆ బలము దూరవర్గము ననుసరించి తగ్గుటయే యందులకు హేతువు, కావున విద్యుద్బలమును అట్లే తగ్గవలయును. 1785లో ఫ్రాన్సు దేశీయుడగు కూలుంబు సన్నని తీగ మెలికతో ఆ బలమును గొలిచి దీనిని స్థిరపరచెను. దూరము రెట్టింపైన బలము నాల్గవవంతు, మూడురెట్లైన తొమ్మిదవవంతు.

ఏల యిట్లగును? నట్టింట దీపమును దలచుకొనుడు. కిరణము లన్నిదిక్కులకు తిన్నగ బోవును. దూరము రెట్టింపైనచో అవే కిరణములు నాలుగురెట్ల వైశాల్యమున పరచుకొనును. ఒక బిందువునందలి విద్యుత్తుచుట్టును బలరేఖ లిట్లే వ్యాపించునని ఫారడే భావించెను. ఆ రేఖలు దట్టముగ నున్నచోట బలమధికము. మేఘము క్రింద నెత్తైన మొనయందు, అనగా ఒంటితాటి తలయందు, అవి గుమికూడును. పిడుగు తరచుగ నచ్చటనే పడును.

1836లో ఫారడే లోహపుపూత గల గదిని నిర్మించి, వెలుపల విద్యుత్తు మెరయుచుండగా తాను లోపల నిశ్చింతగ నుండెను. వెండిపాత్ర నేర్పిన పాఠమే యిది. తలుపులు మూసిన లోహపు బస్సు నేడు బాటసారిని కాపాడుట కిదియే కారణము.

కాబట్టి ఉరుము వినబడగనే పక్కాయింటికో, మూసిన బండిలోనికో చేరవలయును; చెట్టు క్రిందికి పోరాదు. బిడ్డకు పార్థుని నామము నేర్పు తల్లి యీ మాటను గూడ నేర్పినచో, ఆచారమునకు లోపము రాదు, ప్రాణము నిలుచును.