ఎండలో కూర్చుండినవారు

ఛాయాపటము తీయించుకొనుట యనగానే మన పెద్దల మనస్సునకు తోచునది స్టూడియో గది, గుడ్డమీద వ్రాసిన రాజభవనము, ప్రక్కన పూలకుండీ, ‘కదలవద్దు’ అను గద్దింపు. ఈ యాచారము ఫోటోతో పుట్టినది కాదు, నడుమ వచ్చినది. కాగితముపై మనుష్యుల రూపములను నిలిపిన తొలితరమువారు ఆరుబయటనే, ఎండలోనే నిలిపిరి. వారిలో ముఖ్యులైన యిద్దరు స్కాట్లండు దేశస్థులు. ఇద్దరును ఆ విద్యకు క్రొత్తవారే. ముందు వారి కథ చెప్పి, పిమ్మట మన దేశమునకు వచ్చెదను.

1839లో పారిసు నగరమున దగేరు అనునతడు వెండిపూత పూసిన రాగిరేకుపై ప్రతిబింబమును నిలుపు విధము లోకమునకు వెల్లడియయ్యెను. అది అద్దమువలె తళతళలాడునది, ఒక్కటే ప్రతి. ఇంగ్లండులో టాల్బటు అనునతడు కాగితముపై పటము తీయు మరియొక పద్ధతిని కనిపెట్టి 1841లో పేటెంటు పొందెను. దానికి కాలోటైపు అని పేరు. ముందు వెలుగు నీడలు తారుమారైన కాగితము వచ్చును. దానినుండి ఎన్ని ప్రతులైనను తీయవచ్చును. ఇంగ్లండులో ఈ పద్ధతి ననుసరింపవలెనన్న టాల్బటునకు రుసుము చెల్లింపవలెను. స్కాట్లండునకు ఆ పేటెంటు వర్తింపలేదు. అందుచేత అచ్చటివారు స్వేచ్ఛగా ప్రయత్నింపగలిగిరి. టాల్బటుకు మిత్రుడగు సర్ డేవిడ్ బ్రూస్టరు అను శాస్త్రజ్ఞుడు సెంట్ ఆండ్రూస్ పట్టణమున ఉండెను. అతని ప్రోత్సాహముతో జాన్ ఆడమ్‌సను అను వైద్యుడు ఈ విద్య సాధించి తన తమ్ముడు రాబర్టుకు నేర్పెను. రాబర్టునకు యంత్రములపై మక్కువ గలదుగాని దేహము బలహీనము. 1843 మే నెలలో, ఇరువది రెండేండ్ల వయస్సున, అతడు ఎడింబరో చేరి కాల్టన్ గుట్టమీద ఒక యింటిలో పటములు తీయుట మొదలుపెట్టెను.

ఆ నెలలోనే ఆ నగరమున ఒక పెద్ద సంఘటన జరిగెను. గ్రామమునకు మతగురువును నియమించు హక్కు భూస్వామిదా, అచ్చట ప్రార్థన చేయు జనులదా యను వివాదము ఏండ్లతరబడి నడచుచుండెను. మన గుడులలో ధర్మకర్తకును ఊరివారికిని కలుగు తగవు ఎట్టిదో తెలిసినవారికి దీనిని విప్పి చెప్పనక్కరలేదు. 1843 మే 18వ తేదీన నాలుగువందల యేబదిమందికి పైగా గురువులు ఇండ్లను, జీతములను వదలుకొని అధికారిక సంఘమునుండి బయటికి వచ్చిరి. డేవిడ్ ఆక్టేవియస్ హిల్ అను చిత్రకారుడు ఆ ఘట్టమును పెద్ద చిత్రముగా వ్రాయ సంకల్పించెను. కాని అంతమంది పోలికలు ఎట్లు పట్టుట? వారందరు నేడో రేపో తమ తమ గ్రామములకు చెదరిపోవువారు. ఆడమ్‌సను వద్దకు పొమ్మని బ్రూస్టరు సలహా యిచ్చెను. హిల్లుకు కెమెరా పని తెలియదు. ఆడమ్‌సనుకు మనిషిని కూర్చుండబెట్టు నేర్పు చాలదు. ఇద్దరు కలిసి నాలుగున్నర సంవత్సరములలో సుమారు 3000 పటములు తీసిరి.

ఆ పటములలో ననేకము గది లోపల తీసినట్లు కనబడును: తెరలు, బల్లలు, పుస్తకములు, కుర్చీలు. నిజమునకు అవన్నియు వాకిటిలోనికి మోసికొని వచ్చి పెట్టినవే. ఆనాటి రసాయనము బహుమందము. మంచి యెండలో సైతము కూర్చుండినవాడు కొన్నిసార్లు నిమిషమునకు పైగా కదలక యుండవలసినదే. ఇంటిలోపలి వెలుగు ఆ పనికి చాలదు. బయటికి వచ్చుట వారి యభిరుచి కాదు, గత్యంతరము లేమి. ఆ పటములలో పెద్దలు చెంపకు చేయి చేర్చుకొని, మోచేయి పుస్తకములపై ఆనించి, గోడకు జేరబడి, గంభీరాలోచనలో ఉన్నట్లు కనబడుదురు. ఆ గాంభీర్యములో కొంతభాగము తల వణకకుండుటకై చేసిన యేర్పాటే! ఎదుటి యెండను చూడలేక కన్నులు ప్రక్కకో క్రిందికో వాల్చిరి. అదియు మనకు నేడు వినయముగా తోచును. అవసరమునుండి పుట్టినను ఆ సహజత్వము సహజత్వమే యని నా యభిప్రాయము. కాగితపు పోగులవలన సన్నని గీతలు చెదరిపోయి, వెలుగు నీడలు పెద్ద పెద్ద రాశులుగా మిగులును. రాగిరేకుతో పోల్చి దానిని లోపముగా నెంచినవారుండిరి. హిల్లు మాత్రము ఆ గరుకుదనమే కాలోటైపునకు ప్రాణమని చెప్పెను.

ఇచ్చట నొక్కమాట. మీ మనుమలు చేతిఫోనుతో పటములు తీయుట నేర్చుకొనుచుండినచో, హిల్లును ఆడమ్‌సనును ఎదుర్కొన్న చిక్కులలో సగము వారికిని కలవు. మిట్టమధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తిన ఉన్నప్పుడు కనుబొమ్మల క్రింద గుంటలవంటి నీడలు పడును. చింతచెట్టు క్రింద నిలువబెట్టిన, ఆకుల సందుల నుండి దిగిన యెండచుక్కలు ముఖమును చిరుతపులి చర్మమువలె చేయును. అన్నింటికంటె మేలైనది మన యింటి యరుగు. నెత్తిన చూరు నీడ, ఎదుట తెరిపిగా ఆకాశము. అచ్చట కూర్చుండిన ముదుసలి ముఖములోని ప్రతి ముడుతయు మృదువుగా తేలును. మాటలలో పెట్టినచో తానుగా మాటాడుచు చేయి త్రిప్పును. నేటి కెమెరాకు సెకండులో నూరవవంతు చాలును గనుక అతడు కదలినను భయము లేదు.

తిరిగి ఎడింబరోకు పోదము. నగరమునకు ఉత్తరమున సముద్రతీరమునందు న్యూహేవెన్ అను బెస్తవారి పల్లె ఉండెను. పురుషులు పైకప్పులేని పడవలలో వేటకు పోయెడివారు. స్త్రీలు చారల పావడలు కట్టి, చేపలగంపలు వీపున మోసికొని నగరపు వీధులలో అమ్మెడివారు. హిల్లును ఆడమ్‌సనును తమ పెట్టెను ఆ పల్లెకు తీసికొనిపోయి నూరింటికి పైగా పటములు తీసిరి. పడవకు ఆనుకొనినవారు, గంపలచెంత గుమిగూడిన స్త్రీలు, తండ్రి ప్రక్క పిల్లలు. నగరపు పండితులను గుట్టమీద ఎంత శ్రద్ధతో తీసిరో, ఈ చేపలవారిని అంత శ్రద్ధతోనే తీసిరి. కూలివాని రూపము ఒకరు డబ్బిచ్చి వ్రాయింపదగినది కాదని లోకము తలచుచుండిన కాలమున ఇది చిన్న సంగతి కాదు.

వారిలో నొక స్త్రీ గంపతో, చూపు నేలకు వాల్చి యున్నది. 1931లో వాల్టర్ బెన్యమిన్ అను జర్మను రచయిత ఫోటో చరిత్రమునుగూర్చి వ్రాయుచు ఆమె పటముకడ ఆగిపోయెను. చేతితో వ్రాసిన చిత్రములలోని మనుష్యులెవరో రెండు మూడు తరములకు ఎవ్వరును అడుగరు. చిత్రకారుని నేర్పు మాత్రము నిలుచును. కాని యీ పటమును చూచినప్పుడు, ఒకనాడు బ్రతికి యుండిన యీ మనిషి పేరేమి యను ప్రశ్న మనలను విడువదని అతని భావము. ఆమె పేరు మనకు దక్కినది: ఎలిజబెత్ జాన్‌స్టన్ హాల్. ఆ పల్లెలో తీయబడిన మరి కొందరి పేర్లును దక్కినవి. నాకు ఈ కథలో అన్నిటికంటె విలువైనది ఇదే.

ఏలయనగా అదే కెమెరా, అంతకంటె మంచి యెండ, మన దేశములో వేరొక పనికి వినియోగపడినవి. 1857 తిరుగుబాటు అణగిన పిమ్మట ప్రభుత్వమువారు ‘ది పీపుల్ ఆఫ్ ఇండియా’ యను పేర 1868 మొదలు 1875 వరకు ఎనిమిది సంపుటములు ప్రకటించిరి. అందు వందలకొలది పటములు కలవు. చాలవరకు క్రింద ఉండునది మనిషి పేరు కాదు, కులము పేరో తెగ పేరో. దానికి తోడు ఆ జాతి నమ్మదగినదా కాదా యను తీర్పు. మదరాసు మ్యూజియమునకు అధికారిగా నుండిన ఎడ్గర్ థర్‌స్టను 1909లో దక్షిణదేశపు కులములను, తెగలనుగూర్చి ఏడు సంపుటములు వెలువరించెను. మన చెంచులు, కోయలు, యానాదులు, సవరలు అందరును అందు వర్ణింపబడిరి. అతడు తలల చుట్టుకొలతలు, ముక్కుల పొడవు వెడల్పులు కొలిచి పట్టికలు వేసెను. ఆ గ్రంథములో నిజముగా విలువైన సమాచారము కలదు, కాదనను. కాని పటములో మనవైపు చూచుచున్న యానాది పేరేమో, అతని పల్లె యేదో, తీయుమని యొప్పుకొనెనో లేదో వెదకినను దొరకదు. పటము తీసిన ఆయుస్సు తగ్గునని మన పల్లెలలో పూర్వము భయపడెడివారు. ఆ మాటకు నవ్వువారిలో నేను చేరను.

ఆ పిమ్మట ఫోటో ఇంటిలోనికి పోయెను. అద్దాల కప్పు గల గదులు, చిత్రించిన తెరలు, తల కదలకుండ వెనుకనుండి పట్టు ఇనుపకొక్కెములు వచ్చెను. ఈ కళను మన తెలుగువారి నడుమ మిక్కిలి యెత్తునకు తెచ్చినవాడు లాలా దీన్ దయాళ్. 1844లో మీరట్టు సమీపమున సర్ధానాలో పుట్టి, ఇందూరులో నక్షాలు గీయు ఉద్యోగము చేయుచు 1874లో కెమెరా పట్టెను. సికింద్రాబాదులో స్టూడియో పెట్టి, 1892లో హైదరాబాదున పరదాలోని స్త్రీలకై ప్రత్యేకముగా మరియొకటి తెరచి, 1894లో ఆరవ నిజాము ఆస్థాన ఛాయాచిత్రకారుడై రాజా బిరుదము పొంది, 1905లో గతించెను. అతని పటములు నాకు గౌరవపాత్రములు. అయినను ఆ రత్నహారముల వెనుకనున్న ముఖము ఒక్కొక్కప్పుడు దొరకదు.

మా యింటిలో నొక పాతపటము కలదు. ఊరూర తిరుగు ఫోటోగ్రాఫరు వాకిటిలో దుప్పటి కట్టి తీసినది. దుప్పటి పొట్టిదగుటచే ప్రక్కన గడ్డివామియు, తొంగిచూచుచున్న లేగదూడయు పడినవి. రాజభవనపు తెరకంటె ఆ గడ్డివామియే నాకు ప్రియము. అది మా గడ్డివామి. పటములో ఏడుగురు. ఆరుగురిని మా పెద్దత్త గుర్తుపట్టి చెప్పినది. కుడివైపున చంటిబిడ్డ నెత్తుకొనిన స్త్రీ యెవరో ఆమెకును తెలియలేదు. ఇప్పుడు చెప్పగలవారు లేరు.

1900లో అమెరికాలోని కొడాకు కంపెనీ బ్రౌనీ యను అట్టపెట్టె కెమెరాను ఒక్క డాలరునకే అమ్మినది. దానితో పిల్లలును పటములు తీయజొచ్చిరి. జనము మరల పెరటిలోనికి, పొలములోనికి, గట్టుమీదికి వచ్చెను. 1914లో ఆ కంపెనీయే మరియొక కెమెరా చేసెను. దాని వెనుక చిన్న తలుపుండును. పటము తీసినవెంటనే ఆ తలుపు తెరచి, ఇనుపపుల్లతో ఎవరిని తీసితిమో, ఏనాడు తీసితిమో వ్రాసినచో, ఆ యక్షరములు ఫిలిముమీదనే నిలిచి పటముతోపాటు వచ్చును. అది వాడుకలో నుండినది ఇరువదేండ్లలోపే. తరువాత ఆ తలుపు మూతపడెను. అచ్చువేసిన పటము వెనుక పెన్సిలుతో వ్రాయుట మాత్రము నేటికిని సాధ్యమే. చెప్పువారు ఇంటిలో నున్నంతవరకు.