ఎండాకాలంలోనే మంచు చరియలు ఎందుకు విరిగిపడతాయి? చర్ల కుర్రాడి ఎవరెస్ట్ నుంచి గుల్మార్గ్ స్కీయింగ్ దాకా.. తెలుసుకోవాల్సినవి ఇవే!

ఏప్రిల్, మే వచ్చిందంటే సారపాక, భద్రాచలం వైపు మధ్యాహ్నం గడప దాటాలంటేనే భయం. గోదావరి ఇసుక కాలిపోతుంటుంది. బ్రిడ్జి మీద బైక్ ఎక్కితే వడగాలి మొహాన కొడుతుంది. సరిగ్గా ఇదే టైమ్‌లో ఫోన్లో మనాలి, కశ్మీర్, సిక్కిం రీల్స్ వరసగా వస్తుంటాయి. తెల్లటి కొండ మీంచి ఎవరో స్కీలు వేసుకుని సర్రున జారిపోతుంటారు. చూస్తుంటే మనమూ వెళ్లాలనిపిస్తుంది.

ఆ రీల్‌లో కనిపించని విషయం ఒకటుంది. ఎండ ముదిరే ఈ నెలల్లోనే మంచు కొండలు కొత్త రకంగా ప్రమాదకరంగా మారతాయి. అదెలాగో చూసే ముందు, మన ఏజెన్సీ ప్రాంతం నుంచే ఆ మంచులోకి వెళ్లొచ్చిన ఒక కుర్రాడి సంగతి చెప్పుకోవాలి.

చర్ల నుంచి ఎవరెస్ట్‌కు.. ఆ 2014 వేసవిలో ఏం జరిగింది?

భద్రాచలం నుంచి గోదావరి వెంట పైకి వెళితే దుమ్ముగూడెం దాటాక చర్ల మండలం వస్తుంది. అప్పటి ఖమ్మం జిల్లా, ఇప్పటి భద్రాద్రి కొత్తగూడెం. సాధనపల్లి ఆనంద్ కుమార్ ఆ మండలం కుర్రాడే. సైకిల్ రిపేర్లతో గడిచే ఇల్లు, సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువు. నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామానికి చెందిన గిరిజన బాలిక మాలావత్ పూర్ణ కూడా గురుకులం విద్యార్థినే. అప్పట్లో గురుకులాల సొసైటీ కార్యదర్శిగా ఉన్న ఐపీఎస్ అధికారి ఆర్‌.ఎస్‌.ప్రవీణ్ కుమార్ ఈ పిల్లల్ని పర్వతారోహణకు పంపాలని అనుకున్నారు. కోచ్ శేఖర్ బాబు. భువనగిరి కోట బండ మీద మొదలైన ట్రైనింగ్ డార్జిలింగ్ వెళ్లింది, అక్కణ్నుంచి లద్దాఖ్ చలిలోకి వెళ్లింది. చివరికి మిగిలింది ఇద్దరే.. పూర్ణ, ఆనంద్.

నేపాల్ వైపు నుంచి ఎక్కాలంటే పదహారేళ్లు నిండాలి. పూర్ణకు అప్పటికి పద్నాలుగు కూడా నిండలేదు. అందుకే టిబెట్ వైపు, అంటే ఉత్తరం దారి ఎంచుకున్నారు.

వాళ్ల యాత్ర మొదలైన రోజుల్లోనే దక్షిణం వైపు ఘోరం జరిగింది. 2014 ఏప్రిల్ 18.. తెల్లారి 6.45 గంటల ప్రాంతం. నేపాల్ వైపు దారిలో ఖుంబు ఐస్‌ఫాల్ అనే చోట, కొండ భుజానికి వేలాడుతున్న పెద్ద మంచుగడ్డ ఊడి కింద పడింది. ఆ దారిలో విదేశీ క్లయింట్ల కోసం తాళ్లు, నిచ్చెనలు, ఆక్సిజన్, సామాను మోస్తున్న నేపాలీ కార్మికులు ఉన్నారు. 16 మంది చనిపోయారు. ముగ్గురి శవాలు కూడా దొరకలేదు. చనిపోయినవాళ్లలో టికెట్ కొనుక్కుని వచ్చిన పర్వతారోహకులు ఒక్కరూ లేరు, అందరూ కూలికి వెళ్లినవాళ్లే. నేపాల్ ప్రభుత్వం మొదట ఒక్కో కుటుంబానికి 40 వేల నేపాలీ రూపాయలు ప్రకటించింది. దాంతో షెర్పాలు భగ్గుమన్నారు. ఆ సీజన్‌లో దక్షిణం వైపు ఎక్కడం దాదాపు ఆగిపోయింది.

ఉత్తరం వైపు మాత్రం ఆగలేదు. అక్కడ ఖుంబు ఐస్‌ఫాల్ ఉండదు. అంతమాత్రాన సేఫ్ అనుకోవడానికి లేదు. సుమారు 7 వేల మీటర్ల ఎత్తులో నార్త్ కోల్ అనే మెడ లాంటి చోటుకి చేరాలంటే నిటారు మంచు గోడ ఎక్కాలి. 1922 జూన్ 7న జార్జ్ మాలరీ బృందం ఆ వాలు మీద కొత్తగా కురిసిన మంచులోంచి నడుస్తుంటే చరియ విరిగిపడి ఏడుగురు కూలీలు చనిపోయారు. ఎవరెస్ట్ ఎక్కే ప్రయత్నంలో పోయిన మొదటి ప్రాణాలు అవే. తొంభై రెండేళ్ల తర్వాత మన గురుకులం పిల్లలు ఎక్కిన దారి కూడా ఆ వైపుదే.

2014 మే 25 ఉదయం పూర్ణ, ఆనంద్ ఇద్దరూ శిఖరం మీద ఉన్నారు. తెలంగాణ రాష్ట్రం అధికారికంగా ఏర్పడటానికి ఇంకా ఎనిమిది రోజులుంది. ప్రపంచంలో ఎవరెస్ట్ ఎక్కిన అతి పిన్న వయసు అమ్మాయిగా పూర్ణ రికార్డు అందరికీ తెలుసు, 2017లో ఆమె మీద హిందీ సినిమా కూడా వచ్చింది. దారిలో మృతదేహాలు చూశానని ఆమె తర్వాత ఇంటర్వ్యూల్లో చెప్పింది. ఆనంద్ పేరు ఆ హెడ్‌లైన్లలో కాస్త వెనక్కి పోయింది. ఆ కొండ మాత్రం ఇద్దరూ ఒకే రోజు ఎక్కారు.

హిమపాతం వేరు, అవలాంచ్ వేరు

మన వార్తల్లో చాలాసార్లు రెండిటికీ కలిపి హిమపాతం అనేస్తుంటారు. హిమపాతం అంటే మంచు కురవడం. కురిసి కొండ వాలు మీద పేరుకున్న మంచు ఒక్కసారిగా కిందికి జారిపోతే అది అవలాంచ్, మంచు చరియ విరిగిపడటం. పుస్తకాల్లో హిమసంపాతం అని రాస్తారు.

ఇందులో మూడు రకాలు గుర్తుపెట్టుకుంటే చాలు.

మొదటిది ఖుంబులో జరిగినలాంటిది. వేలాడే మంచుగడ్డ ఊడిపడటం. ఇది టైమ్ చూసుకుని పడదు. చలికి మంచు గట్టిగా ఉంటుందనే షెర్పాలు తెల్లారకముందే ఆ దారి దాటాలని చూస్తారు. ఆ రోజు పొద్దున్నే పడింది. దీని కింద ఎంత తక్కువసేపు ఉంటే అంత మంచిది, అంతకుమించి చేసేదేమీ లేదు.

రెండోది పలక చరియ. స్కీయర్లను ఎక్కువగా చంపేది ఇదే. శీతాకాలం మొత్తం మంచు పొరలు పొరలుగా పడుతుంది. కొన్ని పొరలు గట్టిపడతాయి, కొన్ని చక్కెర పలుకుల్లా ఒకదానికొకటి అతుక్కోకుండా ఉండిపోతాయి. పళ్లెంలో ఆవాలు పరిచి, దాని మీద అప్పడం పెట్టి, పళ్లెం మెల్లగా వంచి చూడండి. ఒక కోణం దాకా ఏమీ కాదు. ఆ తర్వాత అప్పడం మొత్తం ఒకేసారి జారుతుంది. కొండ మీద ఆ అప్పడం ఫుట్‌బాల్ గ్రౌండ్ అంత ఉండొచ్చు. దాన్ని కదిలించడానికి ఒక్క మనిషి బరువు చాలు. మనుషులు చిక్కుకున్న అవలాంచ్‌లలో సుమారు 90 శాతం ఆ మనిషి వల్లో, అతని టీమ్‌లో ఇంకొకరి వల్లో మొదలైనవే. అంటే కొండ వచ్చి మన మీద పడటం తక్కువ, మనం వెళ్లి దాన్ని కదిలించడమే ఎక్కువ.

ఎక్కువగా 30 నుంచి 45 డిగ్రీల మధ్య ఉన్న వాలు మీద ఇవి విరుగుతాయి. అంతకన్నా నిటారుగా ఉంటే మంచు పెద్దగా పేరుకోదు, ఎప్పటికప్పుడు రాలిపోతుంది. పల్చటి వాలైతే సాధారణంగా జారదు. చిక్కేమిటంటే స్కీయింగ్‌కి మజా వచ్చేది కూడా సరిగ్గా ఆ 30-45 డిగ్రీల మీదే.

మూడోది తడి చరియ. వసంతం స్పెషల్ ఇదే.

ఎండ పడితే లోపల ఏం జరుగుతుంది?

మార్చి నుంచి మే దాకా హిమాలయాల్లో పగలు ఎండ కాస్తుంది, రాత్రి గడ్డకట్టే చలి ఉంటుంది. పగలు కరిగిన పైపొర రాత్రికి మళ్లీ గడ్డకడుతుంది. ఇలా రోజుల తరబడి జరిగితే మంచు ఇడ్లీ రవ్వలా పలుకులు కడుతుంది. పొద్దున్నే పైన గట్టి పెచ్చు ఉంటుంది, ఎండ తగిలి రెండు మూడు సెంటీమీటర్లు మెత్తబడగానే స్కీలు వెన్నలా జారతాయి. వసంతంలో స్కీయింగ్‌కి వెళ్లేవాళ్లు ఎదురుచూసేది ఈ గంట, రెండు గంటల కోసమే.

ఆ గంట దాటాక కథ మారుతుంది. కరిగిన నీళ్లు పొరల్లోంచి కిందికి ఇంకుతాయి. పలుకుల్ని పట్టి ఉంచిన అతుకు వదిలిపోతుంది. నీళ్లు లోపల ఏదైనా గట్టి పొర దగ్గర ఆగితే అక్కడ జారుడు బల్ల తయారైనట్టే. పొడి మంచు చరియ గంటకు వంద కిలోమీటర్లు దాటే వేగంతో వస్తుంది, తడిది అంతకన్నా మెల్లగా వస్తుంది. మెల్లగా అంటే తప్పించుకోవచ్చని కాదు. తాజా పొడి మంచు ఒక ఘనపు మీటరు 100 కిలోల లోపే ఉండొచ్చు. తడి చరియ ఆగాక అదే ఘనపు మీటరు 500 కిలోలు దాటుతుంది. ఆగిన మరుక్షణం సిమెంట్ పోసినట్టు బిగుసుకుంటుంది, లోపలున్న మనిషి వేలు కూడా కదపలేడు.

ఇక్కడ అసలు చూడాల్సింది పగటి ఎండ కాదు, ముందు రోజు రాత్రి. ఆకాశం తేటగా ఉంటే మంచు వేడిని వదిలేసి గట్టిగా గడ్డకడుతుంది. మబ్బు పడితే వేడి బయటికి పోదు. మన దగ్గర మబ్బు పట్టిన రాత్రి ఉక్కపోతతో నిద్రపట్టదు కదా, అక్కడా అదే సూత్రం. రాత్రి గడ్డకట్టలేదంటే ఆ రోజు ఉదయం నుంచే కొండ తడిగా ఉన్నట్టు లెక్క, ట్రిప్ ఆ పూటకి వదిలేయాల్సిందే. సూర్యుడితో పాటు ప్రమాదం కూడా కొండ చుట్టూ తిరుగుతుంది. పొద్దున తూర్పు వాలు, తర్వాత దక్షిణం, మధ్యాహ్నం పడమర. ఉత్తరం వాలు చల్లగానే ఉంటుంది కానీ శీతాకాలం నాటి బలహీన పొర అందులోనే ఎక్కువ కాలం దాక్కుని ఉంటుంది.

టూరిస్టులకూ తప్పలేదు

స్కీలు వేసుకోనివాళ్లకి ఇదంతా ఎందుకు అనుకోవద్దు. 2023 ఏప్రిల్ 4న సిక్కింలో గ్యాంగ్‌టక్ - నాథులా రోడ్డు పక్కన మంచులో ఆడుకుంటున్న పర్యాటకుల మీద పగటిపూట చరియ పడింది. ఏడుగురు చనిపోయారు. 13వ మైలు దాకే పర్మిషన్ ఉంటే కొందరు ముందుకు వెళ్లారని అధికారులు అప్పుడు చెప్పారు. 2015 ఏప్రిల్ 25న నేపాల్ భూకంపం వచ్చినప్పుడు ఎవరెస్ట్ బేస్ క్యాంప్ మీదకే అవలాంచ్ దూసుకొచ్చింది. టెంట్లలో కూర్చున్నవాళ్లు కూడా పోయారు.

తెలుగు ఇళ్లకి ఈ దుఃఖం కొత్త కాదు. 2016 ఫిబ్రవరి 3న సియాచిన్‌లో 19,600 అడుగుల ఎత్తున సోనమ్ పోస్ట్ మీద మంచు కూలి పదిమంది మద్రాస్ రెజిమెంట్ సైనికులు కప్పబడిపోయారు. వాళ్లలో కర్నూలు జిల్లాకు చెందిన సిపాయి ముస్తాక్ అహ్మద్ ఒకరు. ఆరు రోజుల తర్వాత లాన్స్ నాయక్ హనుమంతప్ప ప్రాణాలతో దొరికితే దేశమంతా ప్రార్థనలు చేసింది. ఫిబ్రవరి 11న ఆయన కూడా కన్నుమూశారు.

బ్యాక్‌కంట్రీ స్కీయింగ్ అంటే?

రిసార్ట్‌లో అయితే లిఫ్ట్ ఉంటుంది, చదును చేసిన దారి ఉంటుంది, ప్రమాదకరంగా ఉంటే ఆ వాలు మూసేస్తారు. బ్యాక్‌కంట్రీలో ఇవేవీ ఉండవు. స్కీల అడుగున వెనక్కి జారనివ్వని పట్టీలు అంటించుకుని, గంటల తరబడి సొంత కాళ్ల మీద కొండ ఎక్కి, పైన పట్టీలు ఊడదీసి కిందికి జారాలి. మూసేయాలో వద్దో నిర్ణయించేది కూడా మీరే. మన దేశంలో గుల్మార్గ్ దీనికి పెద్ద అడ్డా. గోండోలా రెండో దశ అఫర్వత్ కొండ మీద సుమారు 13 వేల అడుగుల దాకా తీసుకెళ్తుంది. అక్కడ దిగి, గస్తీ ఉన్న హద్దు దాటితే చాలు, బ్యాక్‌కంట్రీలో ఉన్నట్టే. 2023 ఫిబ్రవరి 1న ఇద్దరు పోలండ్ స్కీయర్లు, 2024 ఫిబ్రవరి 22న ఒక రష్యన్ ఇక్కడి అవలాంచ్‌లలో చనిపోయారు. మంచు దేశాల్లో పెరిగినవాళ్లే ఇలా చిక్కుకుంటే, మంచు ఫ్రిజ్‌లో తప్ప చూడని మనవాళ్లు మొదటి ట్రిప్‌లోనే హద్దు దాటడం సాహసం అనిపించుకోదు.

బతికే టైమ్ ఎంత?

చాలా తక్కువ. మంచులో కప్పబడిన మనిషిని మొదటి 10-15 నిమిషాల్లో బయటికి తీస్తే పదిమందిలో సుమారు తొమ్మిది మంది బతుకుతారు. 35 నిమిషాలయ్యేసరికి ఆ సంఖ్య మూడుకు పడిపోతుంది. ఎక్కువమంది చనిపోయేది ఊపిరాడకే. హెలికాప్టర్ ఎంత తొందరగా వచ్చినా ఈ లెక్కకి అందదు, పక్కనున్న ఫ్రెండ్ ఒక్కడే కాపాడగలడు. అందుకే ముగ్గురు వెళితే ముగ్గురి దగ్గరా మూడు వస్తువులు ఉండాలి. 457 కిలోహెర్ట్జ్ మీద సిగ్నల్ పంపే ట్రాన్స్‌సీవర్, మంచులో గుచ్చి వెతికే మడత కడ్డీ, మెటల్ పార. ట్రాన్స్‌సీవర్ బ్యాగ్‌లో కాదు, ఒంటి మీద కట్టుకుని ఆన్‌లో ఉంచాలి. పార లేకుండా తడి మంచు తవ్వడం చేతులతో అయ్యే పని కాదు. ప్రమాదకరమైన వాలు దాటేటప్పుడు ఒక్కొక్కరే దాటాలి, మిగతావాళ్లు సేఫ్ చోటు నుంచి కళ్లార్పకుండా చూడాలి. అందరూ కలిసి సెల్ఫీ వీడియో తీసుకుంటూ దాటితే, కప్పబడ్డాక తవ్వేవాళ్లు మిగలరు.

కొండ ముందే చెబుతుంది కూడా. పక్క వాలు మీద కొత్తగా విరిగిన గుర్తులు, కాలు వేయగానే ‘భుప్’మని లోపల కుంగిన శబ్దం, స్కీల ముందు నుంచి పగుళ్లు పరిగెత్తడం, గత ఒకటి రెండు రోజుల్లో బాగా మంచు పడటం లేదా గాలి దాన్ని ఒక పక్కకి తోయడం. వసంతంలో ఇంకో రెండు చూడాలి. పైనుంచి చిన్న చిన్న మంచు ఉండలు వాటంతటవే దొర్లుతున్నాయంటే, బూటు చీలమండ దాటి దిగబడుతోందంటే టైమ్ అయిపోయినట్టే. చాలామంది గైడ్లు మధ్యాహ్నానికల్లా కొండ దిగిపోయేలా, తెల్లారకముందే బయల్దేరేది ఇందుకే.

హెచ్చరికలు ఎక్కడ దొరుకుతాయి?

చండీగఢ్‌లో ఉన్న డీఆర్‌డీవో సంస్థ డీజీఆర్ఈ జమ్మూకశ్మీర్, లద్దాఖ్, హిమాచల్, ఉత్తరాఖండ్, సిక్కిం కొండలకు అవలాంచ్ బులెటిన్లు ఇస్తుంది. రాష్ట్ర విపత్తు నిర్వహణ సంస్థలు వాటిని జిల్లాల వారీగా, ఎన్ని మీటర్ల పైన ప్రమాదమో చెబుతూ సోషల్ మీడియాలో పెడతాయి. ప్రపంచమంతా వాడేది ఐదు స్థాయిల స్కేల్. 4, 5 చూస్తే ఎవరైనా ఆగిపోతారు. చిక్కంతా 3తోనే. మధ్యలో ఉంది కదా, పర్లేదులే అనుకుంటారు, ప్రాణాలు ఎక్కువగా పోయేది ఆ 3 ఉన్న రోజుల్లోనే. ఆ స్కేల్‌లో 3 అంటే నిటారు వాలు మీద ఒక్క మనిషి బరువుకే చరియ విరగొచ్చని అర్థం.

బులెటిన్ మామూలుగా ఒక్క రోజుకే వర్తిస్తుంది. ప్యాకేజీ బుక్ చేసుకున్నప్పుడు చూసింది లెక్కలోకి రాదు, బయల్దేరే ముందు రోజు సాయంత్రం మళ్లీ చూసుకోవాలి.