విష్టిబలము: మద్రాసు సాపర్ల యుద్ధచరిత్ర

సేన యనఁగానే రథగజతురగపదాతులను నాలుగంగములు స్ఫురించును. కాని మహాభారతమున శాంతిపర్వమందు భీష్ముఁడు బలమున కెనిమిదంగములు చెప్పెను. ఆ నాల్గింటికిఁ దరువాత విష్టి, నావలు, చారులు, దేశికులు. విష్టి పని యేదియో కౌటిల్యుని యర్థశాస్త్రము పదవ యధికరణమున విశదముగాఁ గలదు. శిబిరమార్గసేతుకూపతీర్థములను జక్కఁబఱచుట, యంత్రాయుధములను మోయుట, గాయపడినవారిని యుద్ధభూమినుండి తొలఁగించుట. భరతుఁడు రాముని మరలింపఁబోవునపుడు సేనకు ముందుగా నడచినవారు ఖనకులును వర్ధకులునే యని యయోధ్యాకాండము చెప్పుచున్నది.

ఈ విష్టిశబ్దమే తెలుఁగున వెట్టి యైనదని పలువుర మతము. రూపసిద్ధి కభ్యంతరము లేదు. అర్థమునందే పతనము కలిగినది. రాజసేన కంగమైనది కూలిలేని చాకిరియై దిగజాఱెను. ఇంగ్లీషువారి 'సాపర్' శబ్దమును మట్టిలోనుండి పుట్టినదే. దాని మూలమగు ఇటాలియను పదమునకు మన్ను త్రవ్వు పనిముట్టని యర్థము. ఐన నా పేరు వారిసేనలో బిరుదముగా నిలిచినది.

మద్రాసు సాపర్ల దళము 1780 లో, హైదరాలీతోడి యుద్ధకాలమున, రెండు పయనీరు కంపెనీలుగాఁ బుట్టెను. 1831 లో 'సాపర్స్ అండ్ మైనర్స్' అను పేరు వచ్చెను. పిమ్మట బెంగుళూరు దానికి స్థానమయ్యెను. ఆంధ్రులు, తమిళులు, క్రైస్తవులు, మహమ్మదీయులు ఇందొక్కచోటనే పనిచేసిరి. పందొమ్మిదవ శతాబ్ది చివర బ్రిటిషు సేనాధికారులు 'యోధజాతు'లను సిద్ధాంతమును బట్టుకొని దక్షిణదేశపుఁ గాలిబలములను గ్రమముగా రద్దుచేసిరి. 1930 నాటికి స్థిరసేనలో మద్రాసు పదాతిదళము మిగులలేదు. 1941 లో యుద్ధావసరము వచ్చినపుడుగాని దానిని మరల నెత్తలేదు. సాపర్లు మాత్ర మంతకాలమును నిలిచియుండిరి. దక్షిణాదివాఁడు పోరుటకుఁ బనికిరాఁడు, శత్రుని యెదుట వంతెన కట్టుటకుఁ బనికివచ్చును! ఈ వాదమందలి తర్కమును దార్కికులే తేల్చవలెను.

బెంగుళూరి పేరు ప్రపంచయుద్ధములలో వ్యాపించుటకు నీ దళమే కారణము. 1912 లో నిందలి కప్తాను మెక్లింటాకు ఇనుపగొట్టములలో మందు కూరి, వానినొకదాని కొకటి తగిలించి, దూరమునుండియే యడ్డంకులక్రిందికిఁ ద్రోయు సాధనమును గల్పించెను. అదియే 'బెంగుళూరు టార్పీడో'. ముండ్లతీఁగల నడుమ దారి తెఱచుట కది రెండు మహాయుద్ధములందును, 1944 నాటి నార్మండీ తీరమునందును నుపయోగపడెను.

రెండవ మహాయుద్ధమున భారతసేన నాల్గవ డివిజనులో నీ దళమునకుఁ జెందిన 12 వ ఫీల్డుకంపెనీయు, 11 వ ఫీల్డుపార్కు కంపెనీయు నుండెను. బెంగాలు, బొంబాయి సాపర్లును వారితోఁ గలిసిరి. 1944 ఫిబ్రవరిలో నా డివిజను ఇటలీలోఁ గాసీనో కొండమఠముముందు నిలిచెను. చరిత్రకారు లా మఠముపైఁ బడిన బాంబులను గూర్చి గ్రంథములు వ్రాసిరి. మార్గములను గూర్చి వ్రాసిన దల్పము. వెనుకకుఁ దగ్గుచు జర్మనులు త్రోవలందు మందుపాతరలు పూడ్చిపోవుచుండిరి. వానిలో నొక జాతి, కాలు సోఁకినపిమ్మట నించుమించు నాలుగు సెకండ్లకు నేలనుండి నడుమెత్తున కెగిరి, వందలకొలఁది యుక్కుగుండ్లను నలుదెసలఁ జిమ్మును. ఒకఁడు త్రొక్కిన చుట్టునున్నవారందఱును గూలుదురు.

ఫిబ్రవరి 24 వ తేదీని మిన్యానోవద్ద 11 వ ఫీల్డుపార్కు కంపెనీవారు పాతరలు తీయుచుండఁగా నొకటి కదలెను. పేలుటకు క్షణకాలమే వ్యవధి. సుబేదారు సుబ్రహ్మణ్యము తన శరీరమునే దానికి మూఁతగా వైచుకొని మరణించెను. తోడివారు బ్రతికిరి. ఆతఁడు తమిళదేశమువాఁడు.

ఆతనికి మరణానంతరము వచ్చినది జార్జి క్రాసు. విక్టోరియా క్రాసు శత్రుసమక్షమునఁ జూపిన సాహసమునకు. 1940 లో నేర్పడిన జార్జి క్రాసు శత్రుసమక్షము కాని సాహసమునకు. బొంబాయి సాపర్లలోని ప్రేమీంద్రసింగు భగత్ 1941 లో నబిసీనియాలో నాలుగు దినములు 55 మైళ్ల దారిలో 15 పాతరపొలములను శోధించి తెఱచెను. విక్టోరియా క్రాసు పొందెను. అది శత్రుని వెన్నంటి సాగిన పని కావున నియమమునకు సరిపోయెను, అందు దోషము లేదు. అయినను మిన్యానోవద్ద శత్రువు లేఁడా? పాతర పూడ్చి తాను మైళ్లదూరము పోయినవాఁడు తన యాయుధముద్వారా యచ్చటనే యున్నాఁడు. 'సమక్షము' అను పదమును గంటికిఁ గానవచ్చుటకే పరిమితము చేసినచో విష్టిబలముయొక్క పనిలో సగము యుద్ధముకాకయే పోవును.

1947 పిదప నీ దళము మద్రాసు ఇంజనీరు గ్రూపను పేర బెంగుళూరుననే నిలిచినది. అందలి సామాన్యసైనికుని పదవి పేరు నేఁటికిని సాపరే.