సత్య నాదెళ్ల

సత్య నాదెళ్ల (జననం 1967, హైదరాబాద్) మైక్రోసాఫ్ట్ అధిపతి. తండ్రి, ఐఏఎస్ అధికారి బి.ఎన్. యుగంధర్ సొంతూరు అనంతపురం ప్రాంతపు బుక్కాపురం. బేగంపేటలోని హైదరాబాద్ పబ్లిక్ స్కూల్ జట్టులో సత్య ఆఫ్‌స్పిన్ వేసేవారు. ఒక మ్యాచ్‌లో ఆయన బౌలింగ్ గతి తప్పితే కెప్టెన్ తానే బంతి అందుకుని వికెట్ తీసి, మళ్లీ ఆయనకే ఇచ్చాడు. 2017లో వెలువడిన ‘హిట్ రిఫ్రెష్’లో సత్య చెప్పిన ఈ ఉదంతంలోనే ఆయన నాయకత్వ రీతికి మూలం ఉందనడం సమంజసం. పాత జ్ఞాపకానికి పెద్దయ్యాక అర్థం కల్పించుకోవడం సహజమనీ, 1992లో మైక్రోసాఫ్ట్‌లో చేరాక గడించిన క్లౌడ్ వ్యాపారానుభవమే 2014 ఫిబ్రవరి 4న ఆయన్ను సీఈఓను చేసిందనీ అనవచ్చు. నిజమే, పదవి తెచ్చింది ఆ అనుభవమే. పదవిలో నడిచిన తీరు వేరే సంగతి. 2016లో ‘టే’ చాట్‌బాట్ వికటించి సంస్థ నవ్వులపాలైనప్పుడు, దాన్ని తయారుచేసిన బృందాన్ని తప్పించకుండా, పని కొనసాగించండి, నేను మీతో ఉన్నానని వారికి రాశారు.