మద్యకిణ్వనమున ప్రాణవాయువు నిర్వహించు రెండు విధులు

గాలి సోకనిచోట ఈస్టు చక్కెరను మద్యసారముగ మార్చుననియు, గాలి సోకినచోట దానిని శ్వాసక్రియచే పూర్తిగ దహించుననియు పాఠ్యగ్రంథములు బోధించుచున్నవి. ఈ సూత్రము నిజమే గాని, సగము నిజము. ఈస్టుకణమునందు ప్రాణవాయువునకు శక్తిసంపాదనమున నొకటి, దేహనిర్మాణమున నొకటి, రెండు వేర్వేరు విధులు గలవనియు, వీనిని విడదీసి చూడనిదే మద్యకిణ్వనము బోధపడదనియు నిరూపించుట ఈ వ్యాసోద్దేశము.

గేలుస్సాక్ పేర ప్రసిద్ధమైన సమీకరణము ప్రకారము 180 గ్రాముల గ్లూకోజు 92 గ్రాముల మద్యసారమును, 88 గ్రాముల బొగ్గుపులుసు వాయువును ఈయవలెను. 1860లో లూయీ పాశ్చరు ఈ లెక్కను ప్రయోగమున సరిచూచి, కొంత చక్కెర గ్లిసరినుగను, సక్సినికామ్లముగను మారుననియు, మరికొంత ఈస్టు దేహమునందే చేరుననియు చూపెను. మరుసటి యేట ఆయన ప్రకటించిన పరిశీలన ఇంకను విలువైనది: గాలి తగులుచుండగ పెరిగిన ఈస్టు, గాలి లేక పెరిగినదానికంటె, ఖర్చయిన ప్రతి గ్రాము చక్కెరకును ఎన్నోరెట్లు అధికముగ వృద్ధిచెందెను.

ఇందలి కారణము శక్తి లెక్కలో నున్నది. గ్లూకోజు అణువు రెండు పైరువికామ్లపు అణువులుగ చీలునపుడు కణమునకు మిగులునది ఏటీపీ అను శక్తివాహక అణువులు రెండు మాత్రమే. అందు వెలువడిన ఉదజనిని ఎవరికైన అప్పగింపనిదే ఆ చీలిక ముందునకు సాగదు. ప్రాణవాయువు దొరకినచో అది ఉదజనిని గ్రహించి నీరగును, పైరువికామ్లము తుదివరకు దహింపబడి ఏటీపీ పెక్కురెట్లు చేకూరును. దొరకనిచో పైరువికామ్లము బొగ్గుపులుసు వాయువును విడిచి అసిటాల్డిహైడుగ మారగా, ఆ అసిటాల్డిహైడే ఉదజనిని స్వీకరించి మద్యసార మగును.

అయినను చక్కెర సమృద్ధిగ నున్నచోట ఈ నియమము తలక్రిందులగును. గ్లూకోజు నిండిన ద్రవమునందు రొట్టెల ఈస్టు, ఎంత గాలి పంపినను, మద్యసారమును చేయుచునే యుండును. ఏలయన అధిక గ్లూకోజు శ్వాసక్రియకు వలయు ఎంజైముల ఉత్పత్తిని అణచివేయును. 1929లో హెర్బర్టు క్రాబ్‌ట్రీ కంతికణములందు గుర్తించిన విశేషమును పోలియుండుటచే దీనికి ఆయన పేరే నిలిచినది. ఈస్టు కర్మాగారములలో మొలాసిస్‌ను ఒక్కసారిగ పోయక, గాలి నూదుచు సన్నని ధారగ విడుచుట ఇందువలననే.

రెండవ విధి బీరు తయారీయందు స్పష్టముగ గోచరించును. మొలకెత్తించిన బార్లీ నుండి తీసిన రసమును మరిగించునపుడు అందలి గాలి యంతయు పోవును. చల్లార్చిన పిమ్మట లీటరునకు 8 మొదలు 10 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరగునట్లు మరల గాలి పట్టింతురు. ఈస్టు దానిని కొలది గంటలలోనే హరించును. ఇది శ్వాసక్రియకే యనుకొందమా, 8 మిల్లీగ్రాముల ప్రాణవాయువు దహింపగలది ఏడున్నర మిల్లీగ్రాముల గ్లూకోజు మాత్రమే; లీటరు రసమున కిణ్వనయోగ్యమైన చక్కెరయో, సుమారు 80 గ్రాములు! అంత అల్పమైన దహనమువలన ప్రయోజన మేమి? 1953, 1954 సంవత్సరములలో ఆండ్రియాసెన్, స్టయర్ అను శాస్త్రజ్ఞులు దీనికి సమాధానము చూపిరి: గాలి బొత్తిగ లేనిచోట ఈస్టు పెరుగవలెనన్నచో ఎర్గోస్టెరాలును, అసంతృప్త కొవ్వుఆమ్లములను బయటినుండి అందింపవలెను. కణపు పొరకు ఆధారమైన ఈ పదార్థములను ఈస్టు స్వయముగ నిర్మించుకొనుటకు ప్రాణవాయువే సాధనము. తొలిగంటలలో కూడబెట్టిన ఎర్గోస్టెరాలు కణము విభజింపబడినకొలది తల్లికిని బిడ్డకును పంపకమై తరుగుచుండును. మిక్కిలి తరిగినపుడు వృద్ధి నిలిచి, ఒక్కొక్కసారి చక్కెర మిగిలియుండగనే కిణ్వనము కుంటుపడును.

కావున గాలి లేనిచో కిణ్వనము, ఉన్నచో శ్వాసము అను విభజన చాలదు. ఏ దారి పట్టవలెనో నిర్ణయించుటలో చక్కెర పరిమాణమునకును గాలితో సమానమైన పాలు కలదు. మద్యసారమునే కోరువాడు సైతము ఆరంభమున కొంత గాలి నీయకతప్పదు. కిణ్వనము ముదిరిన పిమ్మట ఆ గాలియే బీరు రుచిని చెరచును గనుక, ప్రాణవాయువు ఎంత యను ప్రశ్నతోపాటు ఎప్పుడు అను ప్రశ్నయు పరిశోధకుడు వేసికొనవలసియున్నది.